కాటా ఎక్కని కాపురం

తెలుగువాడికి చక్రాల మీద కాపురం కొత్త కాదు. 1982లో ఎన్టీ రామారావు పాత షెవ్రొలే వ్యానును చైతన్యరథంగా మార్పించి, కొడుకు హరికృష్ణను స్టీరింగు ముందు కూర్చోబెట్టి, రోడ్డు పక్కనే స్నానం, రోడ్డు పక్కనే భోజనం, టాపు మీద ఉపన్యాసం చేసుకుంటూ 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయ్యారు. ఆ టాపు మీద ఏం జరిగిందో చెప్పేవాళ్లు ఊరికి పదిమంది దొరుకుతారు. కింద టైర్లు ఏమయ్యాయో చెప్పేవాడు నాకింతవరకు ఒక్కడూ తగల్లేదు. ఆ తర్వాత సినిమావాళ్లు క్యారవాన్లు దించారు. హీరో ఎంతటివాడో సినిమా ఆడాక కాదు, షూటింగు స్పాటులో క్యారవాన్ పొడవు చూసి తేల్చే రోజులొచ్చాయి. అక్కడా అంతే, లోపల అద్దం చుట్టూ ఎన్ని బల్బులున్నాయో అందరికీ తెలుసు. కింద రబ్బరు మీద ఏం రాసి ఉందో డ్రైవరుకు కూడా అనుమానమే.

ఇప్పుడు మూడో అంకం. రాజకీయం, సినిమా అయిపోయాయి కనుక చక్రాల ఇల్లు మధ్యతరగతికి దిగింది. ఈ అంకంలో కథానాయకుడు గచ్చిబౌలి వైపు ఏదో అపార్టుమెంటు గృహస్థు. హోమ్ లోన్ తీరింది, మోకాళ్లు ఇంకా అరగలేదు. పదిహేడు సీట్ల వ్యాను ఒకటి కొని, సీట్లు పీకించి, ముహూర్తం చూసి క్యాంపర్‌వ్యాను పని మొదలుపెట్టిస్తాడు. పొయ్యి ఆగ్నేయంలోనే ఉండాలని పట్టుబడతాడు. బండి మలుపు తిరిగిన ప్రతిసారీ ఆ ఆగ్నేయం ఎటు పోతుందన్న సందేహం వడ్రంగికి వస్తుంది గానీ, కూలి పోతుందని అడగడు.

లోపలి పని చూడాల్సిందే. పద్దెనిమిది మిల్లీమీటర్ల ప్లైవుడ్డు, అదీ మెరైన్ ప్లై, అల్మరాలకు, మంచాలకు, మంచం కింద డబ్బాలకు. షీటు ఒక్కటి ముప్పై కిలోలకు తగ్గదు. ఎనిమిది షీట్లు దిగాయి. వంటగట్టుకు గ్రానైటు. "బండిలో గ్రానైటు ఎందుకండీ?" అని ఎవరైనా అంటే, "మరి గ్రానైటు లేకుండా వంటగది ఏంటండీ?" అని ఇల్లాలు తిరిగి అడుగుతుంది, ఆ ప్రశ్నకు మగాడెవడూ ఇంతవరకు జవాబు చెప్పలేదు. రెండు సెంటీమీటర్ల మందం గ్రానైటు చదరపు మీటరుకు యాభై కిలోల పైమాటే. ఇన్వర్టరు బ్యాటరీలు రెండు, యాసిడ్ పోశాక ఒక్కోటి యాభై కిలోలు దాటుతుంది. నూటయాభై లీటర్ల నీళ్ల ట్యాంకు. నీళ్లకు మాత్రం లెక్క చాలా సులువు, లీటరు కిలో, భగవంతుడు పెట్టిన రేటు, బేరం లేదు. ఫ్రిజ్, ఏసీ, నిండు గ్యాసు బండ, టేకుతో చేయించిన దేవుడి మందసం. తర్వాత మనుషులు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, అత్తగారు, మామగారు. ఆ తర్వాత అత్తగారి సామాను: పాతిక కిలోల సోనా మసూరి బస్తా, ఎందుకంటే బయట బియ్యం ఎలా ఉంటాయో ఏమో. ఆవకాయ జాడీ, మాగాయ జాడీ, ఎందుకైనా మంచిదని గోంగూర జాడీ. వెట్ గ్రైండరు. ఎవరూ ఆడని క్యారమ్ బోర్డు.

కూడండి. టన్ను దాటి చాలాసేపయింది. కానీ ఎవరూ కూడరు, ఎందుకంటే ఎవరి కాగితంలోనూ కిలోలు లేవు. ఇంటీరియర్ వాడి కొటేషనులో చదరపు అడుగుకు ఇంత అని ఉంటుంది. బ్యాటరీ వాడు ఆంపియర్లలో మాట్లాడతాడు. ఫ్రిజ్ వాడు లీటర్లలో, ఏసీ వాడు టన్నుల్లో మాట్లాడతాడు, అదీ చల్లదనపు టన్నులే. ఆ బండి మొత్తంలో కిలోల భాష మాట్లాడేది ఒక్క టైరు. దాంతో మాట కలిపేవాడే లేడు.

ఆర్సీ కార్డు మీద పాపం రెండు గడులున్నాయి, ఖాళీ బండి బరువు ఇంత, లోడుతో మొత్తం ఇంతకు మించరాదు అని. బండి స్వరూపం మారిస్తే ఆర్సీలో ఎక్కించాలని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతుంది. ఇలాంటి చక్రాల ఇళ్ల కోసమే ఏఐఎస్-124 అని దేశంలో ఒక ప్రమాణం కూడా ఉంది. గృహస్థును వీటి సంగతి అడిగితే "అవన్నీ మావాడు చూసుకుంటాడండీ" అంటాడు. మావాడు ఎవరంటే ఆర్టీవో ఆఫీసు ఎదురుగా జిరాక్సు మిషను పక్కన స్టూలు మీద కూర్చునే పెద్దమనిషి. ఆయన బండిని చూడలేదు. చూడాల్సిన అవసరం ఆయనకెప్పుడూ రాలేదు.

ఇక టైర్లు. డబ్బంతా లోపలికి పోయాక, చివరి ఆదివారం, పరదాల రంగు కూడా ఖాయమయ్యాక గుర్తొస్తాయి. నిజానికి గుర్తొచ్చేది కూడా పూజ పుణ్యమా అనే. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించాలి కదా. ఆ బండి బరువును నిజాయితీగా పరీక్షించిన మొదటి వస్తువు, చివరి వస్తువు కూడా ఆ నిమ్మకాయే. నిమ్మకాయ పెట్టడానికి వంగినప్పుడు మామగారికి కనబడుతుంది: "అల్లుడుగారూ, టైర్లు కాస్త గుండుగా ఉన్నట్టున్నాయే."

కొట్టుకు వెళ్తారు. అక్కడ సంభాషణ ఇలా సాగుతుంది.

"భయ్యా, మంచి టైర్లు చూపించు. రేటు ఎంతైనా పర్లేదు."

"సైజేంది సార్?"

"సైజు... పెద్దదే. క్యాంపర్‌వ్యాను."

"గిది ఏస్కోండ్రి సార్. మస్తు మెత్తగుంటది. పిల్లలు పండుకున్నా లేవరు."

"లోడు మోస్తుందా?"

"ఎందుకు మోయది సార్? టైరే గద!"

ఈ చివరి వాక్యంలో ఉన్న తర్కాన్ని కాశీ పండితులు కూడా ఖండించలేరు. టైరు కనుక మోస్తుంది. ఎంత మోస్తుందనేది దాని పక్కగోడ మీదే అచ్చయి ఉంటుంది. కానీ కంపెనీ పేరు అరచేతి వెడల్పున అచ్చువేసి, మోసే బరువును మాత్రం చీమ తలకాయంత చేశారు. తెల్లక్షరాల కంపెనీ పేరును మనవాడు బ్రష్షుతో కడుగుతాడు, ఫోటో తీసుకుంటాడు. చీమ తలకాయను చదవాలంటే మోకాళ్ల మీద కూర్చోవాలి. ఇంకా అరగని మోకాళ్లను అందుకోసం అరగదీయడం ఆయనకిష్టం లేదు.

ఆ చీమ తలకాయలో ఎంత కథ ఉందో చూపించడానికి ఒకే ఒక్క సైజు తీసుకుందాం: 225/75 ఆర్16. వెడల్పు అదే, ఎత్తు అదే, రిమ్ము అదే. నాలుగు టైర్లు పక్కపక్కన నిలబెడితే తల్లి కూడా గుర్తుపట్టలేదు. ఒకదాని మీద 104 అని ఉంటుంది. అది జీపుల జాతి కార్లకు పుట్టినది, ఒక్కోటి 900 కిలోలు మోస్తుంది. రెండోది ఎల్‌టీ, అంటే లైట్ ట్రక్కు రకం, 115, అంటే 1,215 కిలోలు. మూడోది సీపీ, యూరప్‌లో క్యాంపర్ల కోసమే చేసే రకం, 118, 1,320 కిలోలు. అడిగితే మన కొట్టువాడే మనల్ని వింతగా చూస్తాడు. నాలుగోది సి రకం, సరుకు వ్యాన్లది, 121, 1,450 కిలోలు. మొదటిదానికీ చివరిదానికీ తేడా టైరుకు 550 కిలోలు. నాలుగు టైర్ల మీద 2,200. ఒకే సైజు!

గృహస్థు చదువుకున్నవాడే, ఎంసెట్ ర్యాంకు ఇప్పటికీ నోటికొచ్చు. అంకెలంటే భయం లేదు. అందుకే ప్రమాదం. 104కీ 121కీ మధ్య ఎంత తేడా ఉందంటే "పదిహేడు" అంటాడు. పదిహేడు మార్కులకు ఇంత రాద్ధాంతమా అంటాడు. అవి మార్కులు కావు, కిలోలు కావు, మెట్ల నంబర్లు. 91వ మెట్టు మీద 615 కిలోలు, 100వ మెట్టు మీద 800, 109 మీద 1,030, 112 మీద 1,120. మెట్టు మెట్టుకూ ఎత్తు పెరుగుతూ పోయే మెట్లు. పట్టిక కావాలంటే ఏ టైరు కంపెనీ పుస్తకంలోనైనా ఒకే పట్టిక ఉంటుంది, కంపెనీలన్నీ ఒకే మాట మీద నిలబడే అరుదైన సంగతుల్లో ఇదొకటి. ఇక 121/120 అని గీత గీసి రెండంకెలు చూడగానే రక్తపోటు అనుకుని కంగారుపడేవాళ్లూ ఉన్నారు. మొదటిది టైరు ఒంటరిగా ఉన్నప్పుడు మోసే బరువుకు, రెండోది వెనక జోడుగా ఉన్నప్పుడు మోసే బరువుకు. జోడుగా ఉంటే ఒక్కోటి తక్కువ మోస్తుంది. సంసారులెవరికీ ఇది వివరించనక్కర్లేదు.

అంకె పక్కన అక్షరం ఉంటుంది, అది వేగానిది. ఆర్ అంటే గంటకు 170 కిలోమీటర్లు, టి అంటే 190, వి అంటే 240. మనవాడు ఈ అక్షరం దగ్గర మాత్రం పట్టు విడవడు. వి కావాలంటాడు. గ్రానైటు, గ్రైండరు, గోంగూర జాడీ వేసుకుని ఈయన 240లో ఎక్కడికి పోతాడో కొట్టువాడు అడగడు. ఖాళీ రోడ్డు మీద కూడా తొంభై దాటనివ్వని అత్తగారు వెనక సీట్లో ఉండగా ఆ అక్షరం పని ఏమిటో నాకూ తెలియదు. కానీ వేగం గొప్ప, బరువు నామోషీ. పెళ్లిచూపుల్లో అబ్బాయి జీతం అడుగుతాం, అప్పులు అడగం. టైరు దగ్గరా అదే మర్యాద పాటిస్తున్నాం.

"ప్లై ఎంత?" అని అడిగి తలపంకించే పెద్దలది ఇంకో బడి. "పది ప్లై టైరయ్యా" అంటే ఆ బడిలో అందరూ లేచి నిలబడతారు. ఆ పది, నూలుగుడ్డ పొరలు లెక్కబెట్టిన కాలం నాటి పది. ఇవాళ రేడియల్ టైరును కోసి చూస్తే పది పొరలు కనబడవు, ఆ పాత పది పొరలంత గట్టిదని పేరు, అంతే. గౌరవ డాక్టరేటు లాంటిది. పక్కనే కిలోల లెక్క అచ్చయి ఉండగా డాక్టరేటు చూసి టైరు కొనడం మన విశ్వవిద్యాలయాల ప్రభావమే అయ్యుండాలి.

సరే, టైరు ఏదో వేశారు. గాలి కొట్టాలి. ఇక్కడ రాష్ట్రాలు విడిపోయినా ఉభయ రాష్ట్రాలూ కలిసి నమ్మే వేదవాక్కు ఒకటుంది: "ఎండాకాలం గాలి తగ్గించి కొట్టాలి. లేకపోతే వేడికి ఉబ్బి పేలుద్ది." పంక్చరు షాపు కుర్రాడి నుంచి రిటైర్డు ఇంజినీరు దాకా అందరూ దీన్ని ఒకే గొంతుతో చెబుతారు. ఇది తలకిందుల మాట. బరువు మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి. గాలి తగ్గితే టైరు పక్కగోడలు తిరిగిన ప్రతి చుట్టుకూ వంగి లేస్తాయి, వంగినకొద్దీ వేడెక్కుతాయి, వేడెక్కినకొద్దీ లోపలి పొరలు ఊడతాయి. నార్కట్‌పల్లి దాటాక మే నెల మధ్యాహ్నం రోడ్డు మీద ఊడొచ్చిన ట్రెడ్డు ముక్కలు నల్ల చారలుగా పడి ఉంటాయి చూశారా, వాటిలో చాలా వరకు చాలినంత గాలి లేకుండా మోయలేనంత బరువు మోసినవే. తయారీదారు చెప్పిన ఒత్తిడి చల్లటి టైరుకు చెప్పింది. పరుగులో వేడికి అది కాస్త పెరుగుతుందని వాళ్లకు తెలుసు, తెలిసే చెప్పారు. కానీ కంపెనీ ఇంజినీరుకు ఎంత తెలిస్తే ఏం, మన ఎండల సంగతి వాడికేం తెలుసు?

పైగా టైరు మీద అచ్చేసిన 1,450 కిలోలు ఊరికే రావు. దాని పక్కనే అంత మోయాలంటే ఇంత గాలి అని కూడా ఉంటుంది. క్యాంపరు టైర్లలో వెనక ఇరుసుకు 80 పీఎస్ఐ దాకా కొట్టడం యూరప్‌లో మామూలు. మన కొట్లో కారుకు కొట్టే అలవాటున "ముప్పై అయిదు సార్?" అని అడిగి, జవాబు వినకముందే కొట్టేస్తాడు. 121వ మెట్టు టైరులో ముప్పై అయిదు పీఎస్ఐ ఉంటే అది 121 కాదు, ఐఏఎస్ చదివి సంతకానికి మాత్రమే పనికొచ్చే అధికారి. పోనీ ఎనభై కొట్టమందామా అంటే, మామూలు కార్లకు వేసే రబ్బరు వాల్వు 65 పీఎస్ఐకి మించి తట్టుకునే రకం కాదు. యాభై రూపాయల వాల్వు దగ్గర లక్షల సంసారం ఆగింది. అక్కడ మాత్రం మనవాడు ఇరవై రూపాయలు తగ్గించమని బేరమాడతాడు.

నైట్రోజను వేయించుకునేవాళ్లను ఏమీ అనను. మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజను ఉచితంగానే ఉంది. మిగతా 22 శాతానికి డబ్బు కట్టి, రసీదు తీసుకుని, ఆ తర్వాత ఆరునెలల దాకా గేజీ పెట్టి చూడకుండా ఉండే హక్కు కొనుక్కుంటున్నారు.

అమెరికాలో మన తెలుగువాళ్లున్నారు కదా, వాళ్లు అంతా పద్ధతిగా చేస్తారనుకుంటే పొరపాటు. డల్లాస్‌లోనూ న్యూజెర్సీలోనూ ఫోర్డ్ ట్రాన్సిట్టో మరోటో కొని, వారాంతాల్లో గ్యారేజీలో అదే ప్లైవుడ్డు కోస్తున్నారు. అక్కడ డ్రైవరు తలుపు తీస్తే చట్టప్రకారం ఒక చీటీ అతికించి ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించరాదు, టైరు ఇది, గాలి ఇంత అని. మనవాళ్లు పూజ రోజున ఆ చీటీ మీదే గంధం, కుంకుమ బొట్లు పెడతారు. బొట్టు సరిగ్గా అంకె మీద పడుతుంది. అక్కడి లెక్కలో ఇంకో మెలిక ఉంది: కారు టైరును వ్యానుకు వేస్తే దాని బలాన్ని 1.1తో భాగించి చూడాలి. 900 కిలోల టైరు అక్కడ 818 కిలోలదే. అమెరికా వెళ్తే విలువ పెరుగుతుందనుకునేది మనుషులొక్కరే.

ఆ తలుపు చీటీ వెనక పెద్ద గొడవ ఉంది, అది మనకు బాగా అర్థమయ్యే రకం గొడవ. వియ్యంకుల గొడవ. హెన్రీ ఫోర్డ్ మనవడు విలియం క్లే ఫోర్డ్‌కీ హార్వీ ఫైర్‌స్టోన్ మనవరాలు మార్తాకీ 1947లో పెళ్లయింది. కారు ఒకరిది, టైరు ఒకరిది, సంబంధం దివ్యంగా కుదిరింది. వాళ్ల కొడుకు ఫోర్డ్ కంపెనీకి ఛైర్మన్‌గా ఉన్న రోజుల్లో, 2000 ఆగస్టులో, ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. వాటిలో ఎక్కువ భాగం ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ల కిందవే. పరుగులో ట్రెడ్డు ఊడిపోయి, బండ్లు పల్టీలు కొట్టి, రెండు వందలమందికి పైగా చచ్చిపోయారు. ఎందుకు? బండి మెత్తగా పోవాలని, పల్టీ కొట్టకుండా ఉండాలని ఫోర్డ్ వారు 26 పీఎస్ఐ చాలన్నారు. అంత తక్కువ గాలి, పైన బరువు, వేసవి వేడి అని ఫైర్‌స్టోన్ వారన్నారు. టైరులోనే లోపమని ఫోర్డ్ వారన్నారు. బండిలోనే లోపమని వీరన్నారు. 2001 మే నెలలో మీ బండ్లకు ఇక మా టైర్లు ఇవ్వం పొమ్మని ఫైర్‌స్టోన్ వారు దాదాపు వందేళ్ల బంధం తెంచుకున్నారు. అమ్మ పుట్టింటివారికీ నాన్న ఇంటివారికీ మధ్య ఆ ఛైర్మన్‌గారు ఎలా నలిగారో మన సీరియళ్లు ఇంకా తీయలేదు. 2000 నవంబరులో అక్కడ దీని మీద ప్రత్యేక చట్టం వచ్చింది, ఆ తర్వాత గాలి తగ్గితే డ్యాష్‌బోర్డులో దీపం వెలిగే ఏర్పాటు తప్పనిసరైంది. ఆ దీపం వెలిగితే మనవాడు సర్వీసు సెంటరుకు వెళ్లి, "ఆ లైటు ఆర్పేయండి, చిరాగ్గా ఉంది" అంటాడు.

బరువు విషయంలో గృహస్థునే తిట్టడం అన్యాయం. ఏలినవారే ఆదర్శం. 2018 జులైలో కేంద్రం ఒక్క నోటిఫికేషనుతో సరుకు బండ్ల ఇరుసులకు అనుమతించే బరువు పెంచింది. నాలుగు టైర్ల ఇరుసుకు అంతవరకు 10.2 టన్నులు, ఆ తర్వాత 11.5. ఎలాగూ మోస్తున్నారు కదా, చట్టం చేసేద్దాం అన్న ఉదారత ఏదో అందులో ఉంది. రోడ్డు అదే, వంతెన అదే. గెజిటు ఢిల్లీలో అచ్చయింది, టైరుకు హిందీ గానీ ఇంగ్లీషు గానీ రాదు, కనుక ఆ రోజు దానికి కబురు అందలేదు. అలాగని ఏలినవారికి బరువంటే పట్టింపు లేదనకండి. 2019 సవరణ తర్వాత అధిక లోడుకు 20,000 రూపాయల జరిమానా, పైన టన్నుకు 2,000. లారీవాడు దొరుకుతాడు, కడతాడు. పరదాలున్న బండిని, లోపల అత్తగారున్న బండిని ఆపి తూచే ఇన్‌స్పెక్టరు ఈ దేశంలో పుట్టలేదు. కిటికీలోంచి ఒక ప్లేటు పులిహోర అందితే ఎస్కార్టు కూడా వస్తాడు.

టైరు ఎంత మోస్తుందో చెప్పే అంకె దాని యవ్వనంలోది అని కూడా ఎవరో ఒకరు గృహస్థుకు చెప్పాలి. క్యాంపరు టైర్లు అరిగి చావవు, కూర్చుని చస్తాయి. ఏడాదికి రెండు ప్రయాణాలు, మిగతా నెలలు అపార్టుమెంటు సెల్లారులో చోటు లేక బయట వేపచెట్టు పక్కన ఎండలో, పూర్తి బరువు నెత్తిన పెట్టుకుని. ట్రెడ్డు కొత్తగానే కనబడుతుంది, పక్కగోడల మీద మాత్రం ఎండిన చెరువు నెర్రెలు. పక్కగోడ మీద కోడిగుడ్డు ఆకారపు గీతలో చివరి నాలుగంకెలు పుట్టినతేదీ. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారం. అయిదేళ్లు దాటాక ఏటా చూపించుకోండి, ఎంత బాగున్నా పదేళ్లకు తీసేయండి అని మిషెలిన్ వాళ్లే చెబుతారు. జాతకం లేనిదే పిల్లనివ్వని ఇంట్లో, టైరు జాతకం నాలుగంకెల్లో చేతికిచ్చినా తిరగేసేవాడు లేడు.

అల్లాయ్ చక్రాల గురించి ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను. వాటికీ మోసే బరువు వెనకవైపు అచ్చయి ఉంటుంది. ముందువైపు మెరుపుంటుంది. మనవాడు ఏ వైపు చూశాడో మీరే చెప్పగలరు.

ఇదంతా తేల్చడానికి పెద్ద చదువు, పరికరాలు ఏమీ అక్కర్లేదు. ధాన్యం లారీలు తూచే కాటా చాలు, ఇచ్చేది చిల్లర డబ్బులు. ప్రయాణానికి సిద్ధంగా, ట్యాంకు నింపి, అందరూ లోపల కూర్చుని, ముందు చక్రాలు మాత్రం కాటా మీద పెట్టి ఒక చీటీ, తర్వాత వెనక చక్రాలు మాత్రం పెట్టి ఇంకో చీటీ. ఇరుసు బరువును రెండుతో భాగిస్తే ఒక్కో టైరు వాటా. గ్రానైటు, ట్యాంకు ఒకే పక్కన ఉంటే ఆ పక్క టైరుది సగం కంటే ఎక్కువే, కనుక పైన మరికొంత మిగులు చూసుకోవాలి. ఆ వాటా కంటే పెద్ద అంకె ఉన్న టైరు కొనాలి. అయిదో తరగతి లెక్క. ఇది చేయకపోవడానికి తెలియకపోవడం ఒక్కటే కారణమంటే నేను నమ్మను. బరువు చూసుకున్న మనిషికి తర్వాత తీపి తినడం కష్టం. కాటా చీటీ చేతికొచ్చాక గ్రానైటు మీద చపాతీ ఒత్తడం కష్టం.

మన గృహస్థు ఒకసారి కాటా ఎక్కాడు, అదీ ఇష్టపడి కాదు. సూర్యలంక బీచికి బయల్దేరి, మిర్యాలగూడ దగ్గర టీ తాగుతుంటే పక్కన రైసు మిల్లు కాటా కనబడింది. మామగారు వెనక ఎడమ టైరు కేసి చూసి, "అల్లుడుగారూ, ఇది కొంచెం కుంగినట్టు లేదూ?" అన్నారు. వడ్ల లారీల వరసలో నిలబడ్డారు. వంతు వచ్చాక కాటా కుర్రాడు తల బయటపెట్టి, "ఏం లోడు సార్?" అన్నాడు.

"లోడు కాదు బాబూ. ఫ్యామిలీ."

"చీటీల సరుకు పేరు రాయాలె సార్."

"ఫర్నిచర్ అని రాయి."

వెనక ఇరుసు 2,210 కిలోలు. సగం 1,105. కింద ఉన్నవి మెత్తగా ఉంటాయని కొట్టువాడు ఇచ్చిన 104లు, ఒక్కోటి 900. ఈ లెక్క మామగారే వేశారు, పాత లెక్కల మాస్టారు కనుక నోటితోనే. బండి చుట్టూ కాసేపు ఎవరూ మాట్లాడలేదు. గృహస్థు మాత్రం గాభరా పడలేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఎన్ని రిలీజులు చూశాడు, ఎన్ని టెస్టులు పాసు చేయించాడు! అందరినీ దిగమన్నాడు. పిల్లలు దిగారు, అత్తగారు జాడీలతో సహా దిగారు, మామగారు దిగారు. కుళాయి తిప్పి ట్యాంకు నీళ్లన్నీ మిల్లు ఆవరణలో వదిలేశాడు. "ఇప్పుడు తూయి బాబూ" అన్నాడు. ఇరుసు 1,780 చూపించింది. సగం 890. పాస్.

తర్వాత ట్యాంకు మళ్లీ నింపించి, అందరినీ ఎక్కించి బాపట్ల వైపు పోనిచ్చాడు. మొదటి చీటీ మిల్లు దగ్గరే టీ గ్లాసు కింద పడి ఉంది. రెండో చీటీని లామినేషను చేయించి డ్యాష్‌బోర్డు మీద, వెంకటేశ్వరస్వామి పక్కన అతికించాడు.